మతలబ్ మాస్టారు

గురునాథం మాస్టారికి ఒకటే జబ్బు. ఎదుటివాడు నోరు తెరిస్తే చాలు, ఆ మాటల్లో అసలు సంగతేమిటో ఒక్క వాక్యంలో చెప్పమంటాడు. పిల్లలకు ఇంగ్లీషు పాసేజీలిచ్చి, మెయిన్ ఐడియా పట్టుకోండని చెప్పీ చెప్పీ, ఆ పురుగు ఆయన బుర్రలోనే కాపురం పెట్టింది. బడి గంట కొట్టినా అది బయటికి పోయేది కాదు. కూరలమ్మే మనిషినీ, కంపౌండర్నీ, కట్టుకున్న పెళ్ళాన్నీ ఒకటే ప్రశ్న అడిగేవాడు: "మతలబ్ క్యా?" పోర్ట్ బ్లెయర్లో బెంగాలీకీ తమిళుడికీ తెలుగువాడికీ అందరికీ అర్థమయ్యేది హిందీయే కనక హిందీలో అడిగేవాడు. బతు బస్తీలో గురునాథం మాస్టారిల్లు ఎక్కడంటే పోస్ట్‌మ్యాన్ కూడా తెల్లమొహం వేసేవాడు. మతలబ్ మాస్టారంటే చంటిపిల్లలు కూడా వేలు పెట్టి చూపించేవారు.

ఒకసారి ఫీనిక్స్ బే జెట్టీలో ఓడ టికెట్ల లైన్లో నిలబడ్డాడు. వెనకనుంచి ఒకాయన దీనంగా ముందుకొచ్చాడు.

"ఏం చెప్పమంటారు భయ్యా, హేవ్‌లాక్‌లో మా అత్తగారికి ఒంట్లో బాగాలేదు. మొన్న చేపల పులుసు తిన్నది. అసలు ఆవిడకి చిన్నప్పట్నుంచీ పులుపు..."

"మతలబ్ క్యా?"

"మీ ముందు నిలబడనివ్వమని."

"కుదరదు. అత్తగారు డీటెయిల్."

మాస్టారి సిద్ధాంతం చాలా తేలిక. పరీక్షలో పాసేజీ కింద నాలుగు జవాబులుంటాయి. ముగ్గురు దొంగలు, ఒక్కడు దొర. మొదటి దొంగ మరీ చిన్నది, అంటే ఉత్త డీటెయిల్. రెండోది మరీ పెద్దది, లోకమంతా పట్టేసేంత. మూడోది పాసేజీలో లేనే లేదు. ఈ ముగ్గుర్నీ తన్ని తగిలేస్తే మిగిలినవాడు మెయిన్ ఐడియా. బస్తీ జనం ఇంగ్లీషు నేర్చుకోలేదు గానీ ఈ విద్య మాత్రం చక్కగా వంటబట్టించుకున్నారు. తాగొచ్చిన మొగుణ్ణి పెళ్ళాం నిలదీస్తే "అది పాసేజీలో లేదే" అని గుమ్మంలోనే పడి నిద్రపోయేవాడు. 

ఆయన భార్య సీతారత్నం పెళ్ళైన కొత్తలో వాక్యాలు మాట్లాడేదట. పోను పోను ఒంటి మాటలకు దిగింది. "ఉప్పు" అనేది. "జ్వరం" అనేది. "చిల్లు" అంటే పైకప్పు రేకు అని ఆయనే అర్థం చేసుకునేవాడు. మాట్లాడాలనిపించినప్పుడు పక్కింటికి పోయి కడుపునిండా మాట్లాడి వచ్చేది. దాన్ని కాపురమనే అనాలి, వేరే మాట లేదు గనక.

తెలుగు సంఘానికి పెద్ద వీరరాఘవయ్య. ఆంధ్రా నుంచి బదిలీ మీద వచ్చిన హెడ్ క్లర్కు. ఆయన ఉపన్యాసం మొదలుపెడితే మద్రాసు ఓడ వెళ్ళి తిరిగొచ్చినా ముగిసేది కాదు. వచ్చిన కొత్తలో ఒక సభలో తెలుగుజాతి ఘనత గురించి దంచుతుంటే గురునాథం మాస్టారు లేచి, "అయ్యా, మీ మతలబ్ ఏమిటి?" అన్నాడు. పాపం, ఆయన పుట్టింది ఈ దీవిలోనే. ఆయనకు తెలిసిన మతలబ్‌కి 'చెప్పదలచుకున్నది' అనే అర్థం. అవతలి మనిషిది గుంటూరు. అక్కడ మతలబు అంటే కడుపులో దాచుకున్న కపటం. వీరరాఘవయ్య మొహం కందగడ్డ అయిపోయింది.

"నాకేం మతలబు ఉందయ్యా? సంఘం కుర్చీలు మా ఇంట్లో ఉన్నాయని నీకెవరు చెప్పారు?"

కుర్చీల సంగతి అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఆనాటి నుంచి వాళ్ళిద్దరికీ మాటల్లేవు.

ఇలాంటి మాస్టారి దగ్గరికి గవరమ్మ చదువుకోడానికి వచ్చింది. ఆమె మొగుడు అప్పయ్య చిన్న డుంగీ పడవ వేసుకుని చేపలకు వెళ్ళి తిరిగి రాలేదు. డుంగీ చెక్కముక్క కూడా ఒడ్డుకు చేరలేదు. అత్త యర్రమ్మకు ఆ రోజే నోట మాట పడిపోయింది. మూలన కూర్చుని పెట్టింది తినేది, అంతే. బావ జోగులుకి జెట్టీ దగ్గర టీ కొట్టుంది. అందులో పొద్దు పొడవకుండానే గవరమ్మ బాణలి ముందు కూర్చుని బజ్జీలు వేయాలి. "ఇంటి మడిసికి జీతమేటి?" అనేవాడు జోగులు, ఎవరూ అడక్కపోయినా. మెట్రిక్ పాసైన పిల్ల గనక సర్కారీ గుమస్తా పరీక్షకు దరఖాస్తు పెట్టుకుంది. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది. ఈసారి తప్పితే చచ్చేదాకా ఆ బాణలే గతి. అది ఆమెకు తెలుసు, జోగులుకి ఇంకా బాగా తెలుసు.

లెక్కలు వచ్చేసేవి. ఇంగ్లీషు పాసేజీ దగ్గరే బండి మొరాయించేది. చదివిన దాంట్లో ఎక్కడ మనసుకు తగిలితే అక్కడ టిక్కు పెట్టేది గవరమ్మ. అడవిలో దుంగలు లాగే ఏనుగుల మీద పాసేజీ ఇచ్చాడు మాస్టారు. ముసలి ఏనుగును పనిలోంచి తీసేశారన్న దగ్గర ఆమె ఆగిపోయింది.

"మెయిన్ ఐడియా ఏమిటి?"

"ముసిల్దానికి తిండెవరెట్టినారు మాస్టారూ?"

"పాసేజీలో లేదు. మెయిన్ ఐడియా కలప రవాణా."

"అదేటండి! అసలు సంగతి ఒగ్గేసి దుంగల కోసం రాసినాడా ఈడు?"

మాస్టారు తల పట్టుకున్నాడు. తల పట్టుకోవడం ఆయనకు అదే మొదలు. పడవలో ప్రయాణం మీద పాసేజీ ఇస్తే మూట పోగొట్టుకున్న ముసలమ్మ దగ్గర ఆగింది. కొత్త ఆస్పత్రి మీద ఇస్తే పాత ఆస్పత్రిలో చచ్చిపోయిన వాళ్ళ దగ్గర ఆగింది. 

ఒక వర్షం రోజున తుఫాను హెచ్చరికల మీద పాసేజీ వచ్చింది. రేడియోలో ముందే చెప్పడం వల్ల పడవలన్నీ ఒడ్డుకు చేరాయి, ఒకటి మాత్రం రాలేదు, అని ఉంది అందులో. గవరమ్మ 'ఒక పడవ తిరిగి రాలేదు' అన్న జవాబుకు టిక్కు పెట్టింది. మాస్టారు తలెత్తకుండానే ఎర్రసిరా కలంతో అడ్డంగా కొట్టేశాడు.

"మరీ చిన్నది. డీటెయిల్."

గవరమ్మ లేచి నిలబడింది.

"ఆ డీటెయిలు నా మొగుడు మాస్టారూ" అంది. 

వానలోకి పోబోతుంటే వరండాలో సీతారత్నం చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ ఇంట్లో ఎన్నాళ్ళ తర్వాతో పూర్తి వాక్యాలు వినిపించాయి.

"కూర్చోవే పిల్లా. మా మామగారు అసిరయ్యని ఈ దీవికి తెచ్చింది కూలీల మేస్త్రీ. ఊళ్ళో నిలబడి ఎంతసేపు మాట్లాడాడనుకున్నావ్! అక్కడ భూమి ఊరికే ఇస్తారన్నాడు, కొబ్బరికాయలు వాటంతటవే రాలతాయన్నాడు, సముద్రం చూస్తే మనసు చల్లబడుతుందన్నాడు. జనం నోళ్ళు తెరుచుకుని విన్నారు. తిరిగొచ్చేదెప్పుడని ఒక్కడూ అడగలేదు. ఆయన మళ్ళీ తల్లి మొహం చూడలేదు. పోయేటప్పుడు కొడుకుతో అన్న మాట ఒకటే, పొడుగ్గా మాట్లాడేవాణ్ణి మధ్యలో ఆపి అడగరా అని. ఈ మొద్దు అందర్నీ ఆపుతున్నాడు."

"ఠీక్ హై అమ్మగారూ. గానీ నాను పొడుగ్గా మాట్టాడలేదు కదా" అంది గవరమ్మ.

మాస్టారు గుమ్మంలోకి వచ్చాడు. క్షమించమని అడుగుతాడేమో అనుకుంది గవరమ్మ. ఆ అలవాటు ఆయనకు లేదు.

"పరీక్ష పెట్టినవాడికి అది చిన్నది, అమ్మాయ్. వాడి కళ్ళు మనం బాగుచెయ్యలేం. నీకది పెద్దది. పెద్దదిగానే మనసులో ఉంచుకో. టిక్కు మాత్రం వాడు అడిగినచోట పెట్టి, ఉద్యోగం లాక్కో."

వేపాకు నమిలినట్టుంది ఆ మాట. అయినా గవరమ్మ మింగింది. మర్నాటి నుంచి ప్రతి పాసేజీ రెండుసార్లు చదివేది, ఒకసారి తన కోసం, ఒకసారి ఆ గుడ్డివాడి కోసం. జవాబులు కుదరడం మొదలైంది. కుదిరినందుకు ఆమెకు సంతోషం వేయలేదు, కోపమే వచ్చింది.

పరీక్ష రేపనగా జోగులు మేలుకున్నాడు. సాయంత్రం వీరరాఘవయ్యను ఇంటికి పిలిచి కుర్చీ వేశాడు. ఈ కబురు జెట్టీలో విని మాస్టారు పిలవకుండానే గొడుగేసుకుని వచ్చి గుమ్మం పక్కన నిలబడ్డాడు. లోపల ఉపన్యాసం అప్పటికే గాల్లో తేలుతోంది.

"ఆడది ఇంటికి దీపం. చుట్టూ సముద్రం ఉన్న ఈ దీవిలో మన పరువు, మన సంస్కృతి నిలబెట్టేది ఎవరు? త్యాగం చేసేది ఎవరు? అత్తను చూసుకోవడం కన్నా గొప్ప ఉద్యోగం ఏముంది? పూర్వం..."

గవరమ్మ గోడకానుకుని నిలబడింది. హాల్ టికెట్ జోగులు జేబులో ఉంది.

"మతలబ్ క్యా?" అన్నాడు మాస్టారు.

వీరరాఘవయ్య ఉలిక్కిపడ్డాడు. "మళ్ళీ అదే మాట! నీకు బుద్ధి లేదా?"

"ఒక్క వాక్యం చాలండీ. పరువు మరీ పెద్దది. త్యాగం దానికన్నా పెద్దది. పూర్వం అన్నది పాసేజీలో లేదు. రేపు ఈ అమ్మాయి పరీక్షకు పోతే ఎవరికి ఏం నష్టం?"

వీరరాఘవయ్య నోరు తెరిచాడు. నిజానికి ఆయనకూ తెలియదు. "చెప్పవయ్యా" అన్నట్టు జోగులు వైపు చూశాడు.

జోగులు తుండుగుడ్డతో మెడ తుడుచుకున్నాడు. "అదే, అంటే, మన ఇంటి పరువు..."

"పెద్దది."

"అమ్మని సూసుకోడం..."

"అమ్మ నిన్ను అడిగిందా? పాసేజీలో లేదు."

"అబ్బ! మరి రేపట్నించి బజ్జీలెవులేత్తారు?" అని అరిచేశాడు జోగులు.

వీరరాఘవయ్య మెల్లిగా కుర్చీలోంచి లేచాడు. "బజ్జీల కోసమా నన్ను పిలిచావు? ఇంత మతలబు ఉందని ముందే చెప్పొద్దటయ్యా!"

"ఇప్పుడు మీరూ నేనూ ఒకే భాష మాట్లాడాం" అన్నాడు మాస్టారు. జోగులు జేబులోంచి హాల్ టికెట్ తీసి గవరమ్మ చేతికిచ్చాడు. గవరమ్మ ఆ ఏడే గుమస్తా అయింది. జోగులు బజ్జీలు తనే వేసుకున్నాడు, వాటిని తినమంటే జెట్టీ కాకులు కూడా ఆలోచించేవి.

అయితే ఆ సాయంత్రం అక్కడితో అయిపోలేదు. మూలనుంచి దగ్గు వినిపించింది. యర్రమ్మ మాట్లాడుతోంది.

"ఆ పొద్దు గాలి తూరుపు నించి కొట్టింది. ఆడికి సెప్పినాను, గంజి తాగి ఎల్లరా అని. ఆలీసం అయిపోద్దన్నాడు. ఆడు సిన్నప్పుడూ అంతే. మన ఊళ్ళో మా మేనత్త ఒక నల్లకోడినిచ్చింది. ఓడలో తేనియ్యరంటే గోనిలో ఎట్టి తెచ్చినాం. కెప్టెన్ సాబ్ వచ్చినప్పుడల్లా అప్పయ్యగాడు దగ్గేవోడు, కోడి కూత ఇనబడకుండా. నాలుగేళ్ళ గుంటడికి అంత తెలివి. ఆ కోడికి ఆడంటే..."

అక్కణ్ణుంచి తట్టలోకి, తట్ట నుంచి గునపంలోకి, పాత ఊరి బావిలోకి, మళ్ళీ గాలిలోకి పోయింది ముసలమ్మ. ఒకదానికొకటి పొంతన లేదు. గవరమ్మ చీరకొంగు నోటికడ్డం పెట్టుకుంది. అత్త గొంతు విని ఎన్నాళ్ళయిందో!

వీరరాఘవయ్యకు కాళ్ళు లాగాయి. ఎదుటివాళ్ళ ఉపన్యాసం వినడం ఆయనకు అలవాటు లేదు. "బాగానే ఉందమ్మా, ఇంతకీ మతలబ్ ఏమిటి?" అన్నాడు.

మాస్టారు గిర్రున తిరిగాడు. అంత కోపం ఆయన మొహంలో బస్తీ ఎన్నడూ చూడలేదు.

"కూర్చోండి! ఆవిడ చెప్తోంది కదా!"

హెడ్ క్లర్కు కూర్చున్నాడు. మాస్టారు గొడుగు పక్కనపెట్టి, యర్రమ్మ ఎదురుగా నేల మీద చతికిలబడ్డాడు. మధ్యలో ఒకటి రెండుసార్లు ఆయన పెదాలు కదిలాయి. ఏ మాటకో గవరమ్మకు తెలుసు. ఆ మాట బయటికి రాలేదు.

"అందుకే సెప్తన్నాను. రేపు పిల్ల గంజి తాగకుండా గుమ్మం దాటకూడదు" అని ముగించింది యర్రమ్మ.

"తాగే ఎల్తాను అత్తా" అంది గవరమ్మ.

హమ్మయ్య అనుకుని అందరూ లేచారు. మాస్టారు మాత్రం కదల్లేదు.

"అమ్మా," అన్నాడు, "మరి ఆ నల్లకోడి ఏమైందో చెప్పనే లేదు."

"అదా!" అని యర్రమ్మ కాళ్ళు బార్లా చాపుకుని, ఓడ ఎక్కిన దగ్గర్నుంచీ మళ్ళీ మొదలుపెట్టింది.