పాప ఎత్తుకున్న శ్రుతి

కడియం దగ్గర మా ప్రాథమిక పాఠశాలలో చాలామంది పిల్లల అమ్మానాన్నలు నర్సరీల్లో పనిచేస్తారు. అందుకే వార్షికోత్సవానికి మొక్కల మీద ఓ చిన్న పాట కట్టి మూడో తరగతికి నేర్పుతున్నాను. అందరి గొంతులూ పైకి వెళ్తుంటే ఒక పాప గొంతు మాత్రం కిందనే, ఒకే స్వరం మీద నిలబడిపోయేది. పాడేది మాత్రం అందరికంటే గట్టిగా.

“టీచరండీ, ఇది పాడతంటే మోటారేసినట్టుందండి,” అన్నాడు పక్కనున్న పిల్లాడు.

“నువ్వు పాడితే మొక్కలు లేచొత్తన్నాయేంటి?” అంది పాప.

క్లాసంతా నవ్వింది. తనూ నవ్వింది గానీ, ఆ తర్వాత గొంతు తగ్గించేసింది.

రిహార్సల్ చూసిన హెడ్మాస్టరు గారు నన్ను వరండాలోకి పిలిచారు. “పాపని తీసేయమనట్లేదండి. వాళ్లమ్మ పని మానుకుని మరీ వస్తానందట. ఊరికే పెదాలు కదపమనండి. ఎవరికీ తెలీదు.”

ఆయన జాలితోనే అన్నారు. కానీ పాపకు తెలుస్తుంది. ప్రభువు ఇచ్చిన గొంతును దాచుకోమని ఆ బిడ్డతో అనడానికి నాకు నోరు రాలేదు. ఆ రాత్రి ప్రార్థనలో దారి చూపమని అడిగాను.

మా చర్చి సంఘంలో ఆదివారం సాక్ష్యాల వేళ ఎవరైనా లేచి పాట ఎత్తుకోవచ్చు. ఆ వారం ఓ ముసలమ్మ బాగా కింది శ్రుతిలో మొదలుపెట్టింది. హార్మోనియం మీద వేళ్లు ఆమె స్వరాన్ని వెతుక్కుంటూ మెట్టు మెట్టుగా కిందికి దిగి కలిశాయి. సంఘమంతా ఆమె శ్రుతిలోనే పాడింది. ఒకప్పుడు ఆ పెట్టె వాయించిన మా నాన్న, “పాట ఎత్తుకున్నోళ్ల దగ్గరికి మనమే ఎల్లాలమ్మా,” అనేవారు. చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే. బడిలో మాత్రం నేను శ్రుతి ఇచ్చి పిల్లల్ని అక్కడికి రమ్మంటున్నాను.

సోమవారం హార్మోనియం ముందు కూర్చుని, “ఇవాళ పాట నువ్వు ఎత్తుకోమ్మా,” అన్నాను.

“నేనాండి?”

“ఆయ్, నువ్వే.”

భయంభయంగా మొదలుపెట్టింది. నేను మెట్లు వెతికి ఆ స్వరం పట్టుకున్నాను. మిగతావాళ్లు కిందికి దిగారు. “గోతిలోకి దిగినట్టుందండి,” అని ఆ పిల్లాడు గొణిగాడు. కానీ తన స్వరమే పెట్టెలోంచి వినబడేసరికి పాప కళ్లు పెద్దవయ్యాయి. రెండో లైనులో గొంతు కాస్త కదిలింది. రోజూ అలాగే, ముందు పాప, వెనక మేమందరం. కొద్దికొద్దిగా పైకి రావడం నేర్చుకుంది. చివరి లైను మాత్రం అందలేదు.

వార్షికోత్సవం రోజు వాళ్లమ్మ పని మధ్యలో వదిలి, చీరకు మట్టి మరకలతోనే వచ్చి ముందు కూర్చుంది. పాప పాట ఎత్తుకుంది. చివరి లైను దగ్గర గొంతు మళ్లీ పాత చోటికి జారిపోయింది. పాప వెనకే నడవడం అలవాటైన పిల్లలు ఏమాత్రం తడబడకుండా తనతోపాటే దిగిపోయారు. అందరికంటే గట్టిగా దిగింది మోటారన్న పిల్లాడే.

హెడ్మాస్టరు గారు నా వైపు వంగారు. “ఆ లైను అలాగే ఉంటుందాండి?”

“ఇప్పట్నుంచి అలాగేనండి,” అన్నాను.