అల్లుడు పాతిన గుంజ

ముందు చాయ్ చెప్పండి, తర్వాత చెప్తాను. నిన్న కోదాడలో నాకు జరిగిన మర్యాద ఏ అల్లుడికీ జరిగి ఉండదు, జరగకూడదు కూడా. కానీ అది చెప్పాలంటే ముందు మిర్యాలగూడలో మా అత్తగారింటి డ్రైనేజీ పైపు కథ చెప్పాలి. బిస్కెట్లు తినేవాళ్ళు ఇప్పుడే తినేయండి.

నా సంగతి మీకు తెలిసిందే. సూర్యాపేట బస్టాండు దగ్గర కళ్ళద్దాల షాపు. పొద్దస్తమానం నా చేతిలో ఉండే ఆయుధం ఫ్రేములు బిగించే స్క్రూడ్రైవరు, అది కూడా అగ్గిపుల్లంత. మా మామేమో జీవితమంతా మిర్యాలగూడ రైస్ మిల్లులో బస్తాల మధ్య గడిపిన మనిషి. పెళ్ళయిన కొత్తలో నా చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏం అల్లుడా, చేతులు గింత మెత్తగున్నయ్, పూలు కట్టెటోల్ల లెక్క" అన్నాడు. ప్రేమగానే అన్నాడు పాపం. నాకు మాత్రం ఆ మాట ముల్లులా లోపలే ఉండిపోయింది.

మొన్న ఎండాకాలంలో మా బామ్మర్ది నవీన్ పెళ్ళి కుదిరింది. పెళ్ళి ఫంక్షన్ హాల్లోనే అయినా ఇంటి ముందు పచ్చని పందిరి ఉండాల్సిందే. అందులో మా అత్తగారి వాళ్ళకు ఒక పద్ధతి ఉంది. పందిరి మొదటి గుంజను ఇంటి పెద్దల్లుడే పాతాలి. మిగతా పందిరంతా టెంట్‌హౌస్ వాళ్ళు వేసుకుంటారు, ఆ ఒక్క గుంజ మాత్రం అల్లుడిది. ఒకసారి పాతితే పెళ్ళయి, పదహారు రోజుల పండుగ అయ్యేదాకా దాన్ని కదపకూడదు.

"గుంత నేను తవ్వి పెడ్త బిడ్డా, నువ్వు చెయ్యి పెట్టు సాలు" అన్నాడు మామ.

నాకు ఆ పూల మాట గుర్తొచ్చింది. "అక్కర్లేదు మామా, నేనే తవ్వుతా" అని గడ్డపార లాక్కున్నాను. ఆయన ఓ నవ్వు నవ్వి, వంటవాళ్ళు గిన్నెలు దించుతుంటే అటు పోయాడు. ఆ ఒక్క నిమిషం ఆయన అక్కడే నిలబడి ఉంటే ఈ కథే లేదు.

నేను మెత్తటి చోటు చూసుకుని మొదలుపెట్టాను. పూజ చేయించే అయ్యగారు వచ్చి సూర్యుణ్ణి చూసి, ఇంటిని చూసి, "ఈశాన్యం సరిగ్గా రావాలి బాబూ, గోడ వైపు ఒక అడుగు జరగండి" అన్నాడు. జరిగాను. నాలుగు పోట్లు వేశానో లేదో టక్కుమంది.

"రాయేమో, చూసుకోండి అల్లుడుగారూ" అంది మా చిన్నత్త. అత్తమ్మ చెల్లెలు ఆమె, కోదాడలో ఉంటారు. "ఆగండాగండి, వీడియో తీస్తున్నా, ఇప్పుడు కొట్టండి."

ఫోను ఎదురుగా ఉంటే మగవాడికి ఎక్కడలేని బలం వస్తుంది. గడ్డపార నెత్తి మీదికెత్తి ఒక్కటిచ్చాను. ఫట్‌మని ఏదో పగిలింది, గడ్డపార సర్రున దిగిపోయింది. రాయిని పగలగొట్టానని నాకెంత సంతోషమో చెప్పలేను. వీడియోలో నా నవ్వు కూడా పడింది, కావాలంటే చూపిస్తా.

గుంతలో పసుపు కుంకుమ, నవధాన్యాలు వేశారు. అత్తమ్మ చెంబెడు పాలు పోసింది. చుక్క నిలవలేదు. బిందెడు నీళ్ళు పోశారు. అవీ గుటగుటా పోయాయి.

"భూమి తల్లి ఎట్ల తాగుతుందో సూడుండ్రి" అని అత్తమ్మ కళ్ళు ఒత్తుకుంది. "మా అల్లుడి చెయ్యి మంచిది."

గుంజ దింపితే అనుకున్నదానికంటే ఇంకో జానెడు లోపలికే పోయింది. చుట్టూ మట్టి వేసి గట్టిగా తొక్కాను. మామ వచ్చి రెండు చేతులతో గుంజను ఊపి చూశాడు. కదలలేదు. "గట్టిగనే పాతినవ్ అల్లుడా" అన్నాడు. ఆ మాట కోసం నేను పెళ్ళయినప్పటి నుంచి ఎదురుచూస్తున్నాను. ఆ పూట రెండు గంటెల పప్పు ఎక్కువే తిన్నాను.

సాయంత్రానికి త్రిపురారం నుంచి, గరిడేపల్లి నుంచి చుట్టాలు దిగారు. ఇల్లు కిటకిటలాడిపోయింది. చీకటి పడేలోపే మా ఆవిడ స్వరూప నన్ను పక్కకు పిలిచింది.

"బాత్రూంల నీళ్ళు పోతలేవు. లెట్రిన్ అయితే నిండుకొచ్చింది. అటు దిక్కు పోకు."

"ఎందుకు పోతలేవు?"

"నాకేం తెలుసు. అందరు ఒక్కసారి వచ్చిండ్రు గదా."

చుట్టాల మీద నెపం పెట్టేశాం. పక్కింటివాళ్ళు పుణ్యాత్ములు, వాళ్ళ బాత్రూం ఇచ్చారు. తెల్లారేసరికి వాళ్ళ గేటు ముందు మా చుట్టాలు చెంబులు, తువ్వాళ్ళు పట్టుకుని రేషన్ షాపు ముందు నిలబడ్డట్టు నిలబడ్డారు. పక్కింటివాళ్ళ మొహాల్లో పుణ్యం తగ్గుతూ వస్తోంది.

అసలు బాధ అది కాదు. ఆ రోజు సాయంత్రమే పెళ్ళికూతురు తరఫు వాళ్ళు వరపూజకు వస్తున్నారు. మామ వాకిట్లో తిరుగుతూ ఒకటే మాట. "కొత్త సుట్టాలు మొదటిసారి ఇంటికొస్తుండ్రు. వచ్చినోల్లను పక్కింటికి తోలాల్నా? నా ఇజ్జత్ ఏం గావాలె?" ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు. నాకు నిజంగా జాలేసింది.

ప్లంబర్ యాదగిరి వచ్చాడు. వస్తూనే వంటవాళ్ళ మీద విరుచుకుపడ్డాడు. "అన్నం పారబోసిండ్రు, ఇంగేముంది, జామయింది." వంటవాళ్ళు ఒట్టేసి కాదన్నారు. అయితే చింతచెట్టు వేరు పైపులో దూరిందన్నాడు. వీధిలో చింతచెట్టే లేదు. అయినా వెనక వైపు ఒక పెద్ద గుంత తవ్వించాడు. పైపు శుభ్రంగా ఉంది. దాన్ని పూడ్చి, ముందు వైపు చాంబరు మూత తీసి పొడుగాటి వెదురు బద్ద లోపలికి తోశాడు. కొంత దూరం పోయి ఆగిపోయింది. ఎంత పొడిచినా కదలదు.

బద్దను బయటికి లాగాడు. కొస చూసి యాదగిరి నోరు తెరిచాడు. పచ్చగా పసుపు. దానికి అంటుకుని నాలుగు పెసర్లు, కొన్ని నువ్వులు.

"అవ్వా," అన్నాడు అత్తమ్మతో, "మీ ఇంట్ల లెట్రిన్ పైపుకు గూడ పూజ చేస్తరా?"

అత్తమ్మ బద్దను చూసింది. బద్ద ఆగిన దిక్కు చూసింది. అక్కడ నిలువెత్తు గుంజ, పసుపు రాసుకుని, బొట్లు పెట్టుకుని, మామిడాకులు కట్టుకుని పెళ్ళికొడుకు కంటే ముస్తాబుగా నిలబడి ఉంది. మామ గుంజను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను మామిడాకుల వంక చూశాను.

ఒప్పుకోక చేసేదేముంది. "మామా, అది రాయి కాదేమో" అన్నాను.

చిన్నత్త అప్పటికే వీడియో పెట్టింది. అందరూ ఫోను చుట్టూ మూగారు. టక్. ఫట్. నా నవ్వు. ఆ తర్వాత భూమి తల్లి పాలు తాగడం. అత్తమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "ఓరి నాయినో, చెంబెడు పాలు నేను లెట్రిన్‌కు తాగిపిస్తినా?"

"గుంజ పీకితే ఒక్క గంటల్నే పని అయిపోతది" అన్నాడు యాదగిరి.

"ముట్టినవంటే ఊకోను" అంది అత్తమ్మ. "పాతిన గుంజ పండుగ దాకా కదలద్దు."

"గట్లయితే పండుగ దాకా ఎవ్వరు లెట్రిన్‌కు పోవద్దు."

ఇద్దరూ చెరో వైపు తిరిగి కూర్చున్నారు. అటు ఆచారం, ఇటు అవసరం, మధ్యలో నేను పాతిన గుంజ. మామ గడ్డం గోక్కుంటూ కాసేపు ఆలోచించాడు. అప్పుడు అన్నాడు, "హైవే మీద పని నడిస్తే బండ్లు బందు పెడ్తరా? పక్కకెల్లి డైవర్షన్ ఇయ్యరా? పైపుకు గూడ గట్లనే ఇయ్యి."

అలా తీర్మానమైంది. గుంజ ఎక్కడిదక్కడే ఉంటుంది. దానికి అటు పైపు కోసి, ఇటు పైపు కోసి, బెండులు పెట్టి, గుంజ చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు కొత్త పైపు తిప్పాలి. కాలువ తవ్వే పని నాది. మామ పార నా చేతికిచ్చి, "నిమ్మలంగ గీకు. గడ్డపార దిక్కు సూడకు" అన్నాడు. పట్టుపంచె విప్పి లుంగీ కట్టి దిగాను. వాసన సంగతి అడక్కండి. అత్తమ్మ మాత్రం నా చుట్టూ నాలుగు దిక్కులా ఊదుబత్తీలు గుచ్చి పోయింది, నాకు పూజ చేస్తున్నట్టే ఉంది.

కొత్త పైపు అతికించి, మట్టి కప్పుతుండగా వీధి మొదట్లో కార్ల హారన్లు వినపడ్డాయి. పెళ్ళికూతురు వాళ్ళు. యాదగిరి పరుగెత్తి సెప్టిక్ ట్యాంకు మూత దగ్గర చెవి పెట్టాడు. మామ లోపల బకెట్ నిండా నీళ్ళు పట్టుకుని నిలబడ్డాడు. చుట్టాలంతా ఊపిరి బిగబట్టారు. మామ బకెట్ కుమ్మరించాడు.

"వచ్చినయ్! వచ్చినయ్!" అని అరిచాడు యాదగిరి.

ఇల్లంతా చప్పట్లు. సరిగ్గా అప్పుడే పెళ్ళికూతురు తండ్రి గేటు తీసుకుని లోపలికి అడుగుపెట్టాడు. ఇంతమంది తనను చూసి చప్పట్లు కొడుతున్నారనుకుని ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండు చేతులూ జోడించి, "ఇంత అభిమానం ఎక్కడ సూడలే బావగారూ" అన్నాడు. మామ ఖాళీ బకెట్‌తోనే ఆయన్ని కావలించుకున్నాడు.

వరపూజ దివ్యంగా జరిగింది. కొత్త చుట్టాలు మా బాత్రూంకే పోయారు. వాళ్ళలో ఒకాయన బయటికొచ్చి "ఇల్లు మంచిగున్నది" అన్నప్పుడు మామ నా వైపు చూసి కన్ను కొట్టాడు. భోజనాలయ్యాక నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకున్నాడు. అరచేతి నిండా బొబ్బలు. "ఇగ గట్టిపడ్తయ్ లే" అన్నాడు. పైపు పగలగొట్టినా పోయిందేమీ లేదనిపించింది నాకు.

ఇక నిన్నటి మర్యాద. కోదాడ చిన్నత్త కూతురి పెళ్ళి. వాళ్ళకింకా అల్లుడు లేడు కాబట్టి గుంజ పాతడానికి నన్నే పిలిచారు. ఇంత జరిగినా పిలిచారంటే నాకు ఎంత గౌరవమో అనుకుంటూ గేటు తీశాను. వాకిట్లో ముగ్గు చూసి ఆగిపోయాను. ఇంటి వెనక నుంచి మొదలై, గోడ పక్కగా వచ్చి, తులసి కోట దగ్గర వంక తిరిగి, గేటు దాకా ఒకటే పొడుగు ముగ్గు. మలుపు దగ్గర తామరపువ్వు కూడా ఉంది.

"ఇంత ముగ్గు ఎప్పుడూ చూడలేదు చిన్నత్తా" అన్నాను. "నా కోసమేనా ఇదంతా?"

"మీ కోసమేనండీ అల్లుడుగారూ" అంది చిన్నత్త ఎంతో వినయంగా. "అది మా డ్రైనేజీ లైను. దాన్ని వదిలేసి మీ ఇష్టం వచ్చిన చోట తవ్వుకోండి."

బుద్ధిగా ముగ్గుకు దూరంగా, వాకిలి అవతలి మూలకు పోయి, గడ్డపార ఎత్తాను. వెనక ఏదో సందడి వినిపిస్తే తిరిగి చూశాను. ఎందుకైనా మంచిదని చుట్టాలంతా బాత్రూం ముందు లైను కట్టి నిలబడ్డారు.