బోణీకి ముందు

పొద్దున్నే దుకాణం తెరిచి గల్లాపెట్టె దగ్గర అగరొత్తులు వెలిగిస్తే, ఆ పొగ చింతపండు బస్తాల పులుపు వాసనతో కలుస్తుంది. అక్కడే నాకు అక్క గుర్తొస్తుంది. రాయగడలో మా నాన్న పెట్టిన ఈ దుకాణానికి ఒక కట్టుబాటు ఉండేది. దీపం పెట్టి గద్దె మీద కూర్చున్నవాడు బోణీ అయ్యేదాకా లేవకూడదు. లేస్తే లక్ష్మి కూడా లేచిపోతుందని ఆయన నమ్మకం. ఆయన పోయాక నేనూ దాన్ని వదల్లేదు.

నా కిడ్నీలు రెండూ పాడైనప్పుడు, కల్యాణసింగ్‌పూర్‌లో కాపురముంటున్న అక్క తనదొకటి ఇచ్చింది. నీళ్లు బాగా తాగమని, మూత్రం ఆపుకోవద్దని, మంట అనిపిస్తే వెంటనే రమ్మని డాక్టరుగారు చెబుతుంటే పక్కనే కూర్చుని విన్నది. నేనూ తల ఊపాను. దుకాణానికి వచ్చాక మాత్రం, బోణీకి ముందు లేవాల్సి వస్తుందని నీళ్లు తాగడమే తగ్గించాను. మంట మొదలైతే మందుల షాపులో అడిగి మాత్రలు కొని మింగాను. కాస్త తగ్గింది. ఎవరికీ చెప్పలేదు.

ఒక సంతరోజు అక్క మరమరాల సంచితో వచ్చేసరికి గద్దె మీద వణుకుతూ కూర్చున్నాను. పక్కన సీసాలో నీళ్లు నిండుగా ఉన్నాయి.

"ఏట్రా, నీళ్లు కూడా అమ్మకానికెట్టేవా?" అని నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది.

"జొరం లేదక్కా. బోణీ అవనీ, సెప్తాను."

"నువ్వు లేస్తే లక్ష్మి ఎల్లిపోతాది, సరే. నానిచ్చింది ఎల్లిపోతే మరేటి సేస్తావు? నా కాడ ఇంకొకటే ఉంది."

ఆ పూటే కొరాపుట్ తీసుకెళ్లింది. ఇన్‌ఫెక్షన్ కిడ్నీదాకా పాకిందని, పెట్టిన కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా నేను వాడే మందుల వల్ల జ్వరం పైకి కనబడకపోవచ్చని, పరీక్ష చేయించకుండా మింగిన మాత్రలు ఆ క్రిమికి పనిచెయ్యలేదని అక్కడి డాక్టరు చెప్పారు. సెలైన్ ఎక్కుతుంటే "నీది పాడు సేసేనక్కా" అన్నాను. అక్క నీళ్ల గ్లాసు అందించి "తాగు" అంది. అంతే.

కిడ్నీ నిలిచింది, మునుపటంత బలంగా కాదు. ఆ తర్వాత ప్రతి సంతరోజూ తొలి బస్సుకు వచ్చి, బోణీకి ముందే నన్ను లేపి తను గద్దె మీద కూర్చునేది. "ఎల్లి రా. బేరం రాకపోతే నా మీదెట్టు" అనేది.

పోయిన వానాకాలం అక్క గుండెపోటుతో పోయింది. కర్మలు ముగిసి దుకాణం తెరిచిన రోజు, సీసాడు నీళ్లు తాగి బోణీకి ముందే లేచాను.

"ఎక్కడికి సావుకారూ, పొద్దున్నే గద్దె వదిలీసి?" అంది సరుకులకొచ్చి మెట్టు మీద నిలబడ్డ బేరగత్తె.

"కూకోమ్మా, వచ్చేస్తాను."

పొత్తికడుపులో కుడివైపు, అక్కది పెట్టిన చోట చెయ్యి ఉంచుకుని పెరటివైపు నడిచాను.