ఆమె ముఖం కమిటీ సొత్తట

1986 డిసెంబరు 14, ఆదివారం మధ్యాహ్నం, భద్రాచలం. ఉన్నవాళ్లు: ఫోటో పోటీ పెట్టిన ఉత్సవ కమిటీ అధ్యక్షుడు (బ్రాందీ షాపుల కాంట్రాక్టరూ ఆయనే), ఆయన గుమాస్తా, నా ఫిల్ములు కడిగే స్టూడియో యజమాని, చర్ల దగ్గరి గూడెం నుంచి వచ్చిన ఒక కోయ యువతి, ఆమె అన్న, నేను.

డైరీలో ఇంతవరకు అక్షరాలు కుదురుగానే ఉన్నాయి. ఆ తర్వాత కలం రెండుచోట్ల కాగితాన్ని చీల్చింది. కోపం తగ్గాకే డైరీ తెరవడం నా అలవాటు. ఆ రోజు ఆగలేకపోయాను. ఇప్పుడు తీరిగ్గా కూర్చుని రాస్తున్నా ఆ కోపం ఎక్కడికీ పోలేదని తెలుస్తోంది.

అప్పుడు నేను చర్లలో సర్కారు ఉద్యోగిని. సెలవు దొరికితే కెమెరా మెడలో వేసుకుని గూడేల వైపు నడిచేవాణ్ని. ఆ ఏడాది వేసవిలో ఒక పొద్దున ఆమె చెట్టు కింద ఇప్పపువ్వు ఏరుతోంది. ఏరి కుప్ప పోసిన పువ్వులో ఒక లేగదూడ మూతి పెట్టింది. ఆమె చెయ్యి చాచి దాని మూతిని అవతలికి నెడుతూ పగలబడి నవ్వింది. నేను తీసింది అదే.

"ఎవలకు చూపిస్తవ్ సారూ?" అని అడిగింది.

"మంచిగొస్తే పోటీకి పంపుత. గోడకు పెడ్తరు, పదిమంది చూస్తరు."

"దూడ గూడ పడ్డదా?"

"పడ్డది."

"అయితే పంపు."

ఆమె ఇచ్చిన అనుమతి అంతవరకే. దూడతో సహా, గోడ మీద, పదిమంది చూడటానికి.

పోటీ కాగితంలో రెండు నిబంధనలున్నాయి. పోటీకి వచ్చిన ఫోటోలు కమిటీ సొత్తు, తిరిగి పంపబడవు అన్నది ఒకటి. ఫోటోలో మార్పులు చేయలేదనడానికి రుజువుగా నెగెటివ్ జతచేయాలన్నది రెండోది. రెండూ చదివే పంపాను. సొత్తు అంటే నేను ఫోటో అంటించి పంపిన అట్ట అనుకున్నాను. ఊళ్లో ఎవరైనా అలాగే అనుకుంటారు. పెళ్లికి గిన్నె చదివిస్తే ఆ గిన్నె వాళ్లదవుతుంది గానీ గిన్నె చేసిన కంచరివాడి కొలిమి వాళ్లది కాదు. ప్రోత్సాహక బహుమతిగా స్టీలు టిఫిన్ క్యారియరు ఇచ్చారు. నెగెటివ్ రాలేదు. అడిగితే వస్తుందిలే అన్నారు.

డిసెంబరులో ఆమె అన్న ఒక క్యాలెండరు చుట్టి చంకలో పెట్టుకుని మా ఆఫీసు వరండాలోకి వచ్చాడు. దాన్ని బల్ల మీద పరిచాడు. బ్రాందీ షాపుల తరఫున కొత్త సంవత్సరం శుభాకాంక్షలు. పైన ఆమె ముఖం, ఆమె నవ్వు, చాచిన ఆమె చెయ్యి. దూడ లేదు. దూడను కోసేసి, ఆ చేతి కొసన ఒక సీసా బొమ్మ అతికించి అచ్చేశారు. దూడను నెడుతున్న చెయ్యి ఇప్పుడు తాగమని సీసా అందిస్తోంది.

"షాపు కాడ పోరగాండ్లు చెల్లెను ఏమంటున్రో నా నోటితోని చెప్పలేను సారూ," అన్నాడు. "సోమారం చర్ల సంతల జీపులకెల్లి ఊకెనే పంచుతరట. మా చుట్టాలందరు ఆ సంతకే వస్తరు."

సంతలోపు ఆపించాలి. మా ముందున్న పని అదొక్కటే. ఆదివారం మొదటి బస్సుకు ఆమె, ఆమె అన్న, నేను ముగ్గురం భద్రాచలం వెళ్లాం. స్టూడియో యజమానిని వెంటబెట్టుకుని కాంట్రాక్టరు ఆఫీసుకు పోయాం. కిరాయి గది. గోడ పొడవునా క్యాలెండర్ల కట్టలు. ఆమెను కూర్చోమనలేదు. ఆమె ఆ కట్టల పక్కనే నిలబడింది.

కాంట్రాక్టరు మంచి మాటకారి. "రండి మాస్టారూ! మీ ఫోటో చూశారా, ఎంత కళగా వచ్చిందో!"

"దూడేదండీ?"

"దూడా?"

"నా ఫోటోలో దూడ ఉంది. ఆమె దాన్ని నెడుతోంది. మీరు దాన్ని కోసేసి సీసా పెట్టారు."

"అదా! చోటు చాల్లేదండీ," అని నవ్వాడు. గుమాస్తా కూడా నవ్వాడు. "అయినా పోటీకి వచ్చిన ఫోటో కమిటీ సొత్తని రాశాం కదా. మీరు చదువుకున్నవారు."

"మీకిచ్చింది అట్ట. ఆ అట్టను దాచుకోండి, పారేయండి. ఆమె ముఖాన్ని మీకెవరిచ్చారు?"

"నెగెటివ్ కూడా మీరే ఇచ్చారుగా."

"రుజువుకని అడిగారు, ఇచ్చాను."

అప్పుడాయన నన్ను వదిలేసి స్టూడియో యజమాని వైపు తిరిగాడు. "ఏమయ్యా, మీ కొట్టు గోడ మీద ఏం రాసుంది? నువ్వే చదువు."

మా వాడు నేల చూపులు చూశాడు. ఆ బోర్డు నాకూ తెలుసు. ఈ ప్రాంతంలో ఏ స్టూడియోకు పోయినా ఉంటుంది: నెగెటివ్‌లు ఇవ్వబడవు. పెళ్లివాళ్లు వచ్చి బతిమాలినా, చచ్చిపోయిన తండ్రి ఫోటో కోసం కొడుకు వచ్చినా, నెగెటివ్ ఎవరి దగ్గరుంటే ఫోటో వాళ్లదే అన్నది మా ఫోటోలవాళ్ల ఆచారం. మళ్లీ కాపీ కావాలంటే మా గుమ్మమే తొక్కాలి కదా అని ఎవరికి వారు మురిసిపోయిన ఆచారం. ఆ ఆచారాన్నే ఆయన మా మెడకు ఉరితాడు చేసి బిగించాడు.

"మాది బతుకుదెరువు సార్," అన్నాడు మా వాడు చివరికి. "మేం ఎవల మొకం పక్కన సీసా పెట్టలే."

"మాదీ బతుకుదెరువే."

ఆ మాటకు నా ఒళ్లు మండింది. బల్లను చేత్తో చరిచాను. నెగెటివ్ ఇచ్చేయండి, ఈ కట్టలు బయటికి పోనివ్వకండి అని అరిచాను. జీవితంలో ఏ ఆఫీసులోనూ అలా అరవలేదు. కాంట్రాక్టరు కొంచెం కూడా కదల్లేదు. నా బాధ ఏమిటో తనకు అర్థమైనట్టు తల ఊపాడు.

"తెలిసిందండీ, మీ పేరు వేయలేదనే కదా? పొరపాటే. సంక్రాంతి లోపల మళ్లీ ముద్రిస్తున్నాం. ఫోటో ఫలానా వారు అని కింద వేయిస్తాను. సరేనా?"

స్టూడియో యజమాని నా మోచేయి గిల్లాడు. "మంచిదే గదనె. పేరన్న ఉంటది," అని గొణిగాడు.

అప్పటిదాకా మాట్లాడని ఆమె నోరు తెరిచింది. కాంట్రాక్టరును కాదు, మా వాణ్ని అడిగింది. "ఆ సారు పేరు ఏస్తే నా మొకం పోతదా అన్నా?"

ఆమె ఆగలేదు. "ఏందే మరి? పోతదా? చెప్పున్రి."

"చూడమ్మా, నిన్ను సినిమా తారలాగ చూపించాం," అన్నాడు కాంట్రాక్టరు.

"నీ ఇంటామెను చూపియ్యి," అన్నాడు ఆమె అన్న.

గుమాస్తా లేచి అతన్ని రెక్క పట్టుకుని బయటికి నెట్టాడు. మేమూ అతని వెనకే వచ్చేశాం. ఫోటో తీసినవాడి హక్కు చట్టంలో ఉందని, దాన్ని కాగితం మీద రాసివ్వాలే గానీ ఇలా లాక్కోకూడదని చాలా కాలం తర్వాత ఒక వకీలు చెప్పాడు. ఆ రోజు మాలో ఎవరికీ ఆ ముక్క తెలియదు. తెలిసినా సంతకు మిగిలింది ఒక్క రాత్రి. ఆ రాత్రి ఏ కోర్టు తెరిచి ఉంటుంది? ఫోటోలోని మనిషికి కూడా ఒక హక్కుందా అని అడిగితే మాత్రం ఆ వకీలు కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున చర్ల సంతలో జీపు ఆగింది. గుమాస్తా వెనక నిలబడి క్యాలెండర్లు పంచుతున్నాడు. ఊరికే వస్తున్నాయని జనం ఎగబడ్డారు. నేను ఆఫీసుకు పోకుండా అక్కడే నిలబడ్డాను. ఆమె అన్నతో, మరి కొందరు ఆడవాళ్లతో వచ్చింది. అందరిలాగే చెయ్యి చాచి ఒకటి తీసుకుంది. ముందురోజే ఎదురుగా చూసినా గుమాస్తా గుర్తుపట్టలేదు, ఆ ముఖాన్ని అన్ని కట్టల్లో అచ్చువేయించినవాడు గుర్తుపట్టలేదు. ఆమె పైనున్న బొమ్మను అడ్డంగా చింపేసుకుని, కింద తారీఖుల ముక్కను తిరిగి అతని చేతిలో పెట్టింది.

"తారీఖులు మీయి. తీస్కోండ్రి."

తర్వాత క్యాలెండరు అందుకుని వెళ్తున్న ప్రతి మనిషినీ ఆపింది. "ఇది నేనే. నాకియ్యున్రి," అంది. గూడేలవాళ్లు చాలామంది మారుమాట లేకుండా చింపి ఇచ్చారు. కొందరు తారీఖులు పోతాయని గొణిగారు. ఒక లారీ డ్రైవరు మాత్రం చుట్టిన క్యాలెండరును వీపు వెనక దాచుకుని, "ఇంత అందంగున్నవ్, ఎందుకు చింపుడు?" అని పళ్లికిలించి పోయాడు. వాడి వెంట నేను రోడ్డు దాకా పరిగెత్తాను. అందలేదు.

తిరిగొచ్చేసరికి ఆమె చింపిన బొమ్మలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చుతోంది. నా నెగెటివ్ రాదని అప్పటికి నాకు తెలిసిపోయింది. ఒక్కటి ఇమ్మన్నట్టు చెయ్యి చాచాను.

"నీకెందుకు సారూ?" అంది. కోపంగా అనలేదు. బొమ్మలన్నీ మడిచి కొంగులో మూటగట్టుకుంది.

గుమాస్తా జీపు ఎక్కాడు. మిగిలిన కట్టలు వెనక సీటు నిండా ఉన్నాయి. జీపు దుమ్ముగూడెం వైపు తిరిగింది.