గుట్ట అవతలి గొంతు

సీతాఫలాల పాట గురించి ఎవరైనా మైకు పట్టుకుని గొప్పగా మాట్లాడితే నాకు ఒళ్లు మండుతుంది. ఆ కోపంలో సగం నా మీదనే.

మా అవ్వ, ఆమె సోపతి, అంటే స్నేహితురాలు, గుట్టకు ఈ వైపొకరు, ఆ వైపొకరు కాయలు తెంపేవాళ్లు. పొదల్లో మనిషికి మనిషి కనిపించదు, పైగా గుడ్డేలుగుల భయం. అందుకే పాట. ఒకరు ఒక చరణం పాడి ఆగాలి. అవతలి నుంచి జవాబు వస్తే ఆ మనిషి క్షేమం. రాకపోతే గంప దించి వెతకాలి. ఒకసారి అవ్వ పాడి ఆగితే జవాబు రాలేదు. పోయి చూస్తే సోపతి కాలు విరిగి బండల సందులో పడి ఉంది. ఆనాడు ఆమెను బతికించింది ఆ పాటే.

రాష్ట్రం వచ్చాక మన పాట, మన గుట్ట అన్న మాట ఊరూరా మోగింది. ఆ ఊపులోనే, పాటలు సేకరించే పెద్దమనిషి ఒకాయన జడ్చర్లలో పరిచయమైతే నేనే ఇంటికి తీసుకొచ్చాను. గుట్ట మీద ఇద్దరితో పాడించి రికార్డు చేసుకున్నాడు. ఇద్దరి గొంతులూ భద్రంగా ఉంటాయని మాటిచ్చాడు. తర్వాత సోపతి చనిపోయింది. గుట్ట చుట్టూ కంచె వేసి పార్కు చేశారు. కాయలు తెంపితే జరిమానా అని బోర్డు పెట్టారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ గుట్టనెక్కిన మనిషికి ఇప్పుడు టికెట్టు కావాలి!

రోడ్డు వైపు గేటు దగ్గర స్పీకర్లో ఆ పాటే వేస్తున్నారని తెలిసింది.

“దాని గొంతు ఒక్కపారి ఇంటే సాలు బిడ్డా” అంది అవ్వ. ఆటోలో తీసుకుపోయాను.

స్పీకర్లో అవ్వ పాడుతోంది. చరణం వెంట చరణం, ఊపిరైనా తీయకుండా. ఆగిన చోట్లన్నీ కత్తిరించి వెనక డప్పు కలిపారు. సోపతి గొంతు ఒక్క ముక్క లేదు. అక్కడి నుంచే ఆ పెద్దమనిషికి ఫోన్ చేశాను. దూరపు గొంతు సరిగా పడలేదని తీసేశాడట. అసలు రికార్డు ఏదంటే, దాచలేదట. పైగా పాట ఎంత బాగా వచ్చిందో చెప్పబోయాడు. నోటికొచ్చినట్టు తిట్టాను. టికెట్లు ఇచ్చే మనిషి అటు తిరిగి నవ్వుకున్నాడు. ఎవరిని తిట్టి ఏం లాభం? ఆ గొంతును తీసుకెళ్లి వాడి చేతిలో పెట్టింది నేను.

అవ్వ మాత్రం స్పీకర్ కింద నుంచి కదల్లేదు. పాట అయిపోయి మళ్లీ మొదలైంది. అప్పుడు నా చెయ్యి పట్టుకుంది.

“అది పలుకకున్నా నేను ఆగకుంట పాడుతున్ననేంది బిడ్డా? గట్లెన్నడన్న చేసిన్నా?”