అమీబా కదలాలని చేసిన ప్రార్థన

2014 వేసవి. రాయ్‌పూర్ శంకర్ నగర్‌లో ఒక చిన్న ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. పండరీ బట్టల బజారులో బట్ట కొని జాకెట్లు కుట్టే మార్తమ్మ పిన్నిది మా తెలుగు చర్చి సంఘమే. ఆమెకు రక్తవిరేచనాలు ఎంతకీ తగ్గడం లేదు. పేగుపూత అనుకున్న డాక్టరుగారు, అమీబా లేదని తేలితే సాయంత్రమే స్టెరాయిడ్ మొదలుపెడతానన్నారు. అమీబా ఉండగా స్టెరాయిడ్ ఇస్తే ప్రాణానికే ముప్పు.

పిన్ని తెలీబంధా నుంచి ఆటోలో వచ్చింది. ఒళ్లో చేపలు తెచ్చుకునే థర్మాకోల్ పెట్టె, అందులో ఐసు, ఐసు మధ్య మలం శాంపిల్ డబ్బా.

"ఈ ఎండకి ఖరాబైపోద్దని ఇట్టా తెచ్చానమ్మాయ్."

"ఇది చేప కాదు పిన్నీ. వెచ్చగా ఉంటేనే అమీబా కదిలేది."

స్లైడు మీద గుండ్రటి కణాలు కదలకుండా పడి ఉన్నాయి. అమీబాలో, మన తెల్లకణాలో తేల్చలేకపోయాను.

"ఏం కనపళ్లేదా? దేవునికి స్తోత్రం. రిపోర్టులో ఏమీ రాకూడదనే స్త్రీల కూడికలో అందరం ప్రార్థించాం."

స్టెరాయిడ్ సంగతి చెప్పి, "ఉంటే కనపడాలని, కదలాలని ప్రార్థించు" అన్నాను.

"పురుగు కోసం ప్రార్థనా? పాస్టరుగారు వింటే నవ్వుతారే" అంటూనే కళ్లు మూసుకుంది. తర్వాత మరో డబ్బా తీసుకుని బాత్రూముకి వెళ్లింది.

ఆ వెచ్చటి శాంపిల్‌లో దొరికింది ట్రోఫోజోయిట్, అంటే బతికి తిరిగే దశలోని అమీబా. గాజులాంటి వేలు ముందుకు చాచి, ఒళ్లంతా అందులోకి ఒంపుకుంటూ పాకుతోంది. లోపల మింగిన ఎర్రకణాలు. డాక్టరుగారికి కబురు పంపి, పిన్నికీ చూపించాను.

"కాళ్లు లేకండా ఎట్టా నడుస్తందే?"

"కావాల్సినప్పుడు చేసుకుంటది."

దాని ప్రోటీన్లకు ఫాస్ఫేట్ అనే చిన్న తునక అతుక్కుంటూ, ఊడుతూ ఉంటుంది. అలా అతుక్కోవడాన్ని ఫాస్ఫోరిలేషన్ అంటారు. ఈ అతుకులు పడటం, ఊడటాన్నిబట్టే లోపలి పోగులు కూడుకుని, విడిపోయి ఆ వేలు సాగుతుంది. ఆ అతుకులు సరిగా పడకపోతే అమీబా పాకలేదు, పేగును తొలిచే బలమూ తగ్గుతుంది. ఇదంతా నాకు తెలిసినంతలో చెప్పాను.

"హుక్కులు ఊడిన జాకెట్టు లాగన్నమాట" అంది పిన్ని. "ఇంత చిన్నదానికి ఎంత కుట్టుపనే!"

స్టెరాయిడ్ ఆగింది, అమీబా మందు పడింది, పిన్ని కోలుకుంది. ఒక ఆదివారం ఆరాధనలో లేచి, "ప్రభువు నా పురుగును కదిలించాడు" అని సాక్ష్యం చెబితే సంఘమంతా నవ్వింది, పాస్టరుగారితో సహా.

అప్పటినుంచి మైక్రోస్కోప్ మీదికి వంగే ముందు, రిపోర్టు మంచిగా రావాలని అడగను. ఉన్నది ఉన్నట్టు చూపించు ప్రభువా అంటాను.