తగ్గిన అమ్మ

ఆ స్కూలు క్యాంటీన్‌లో వంటావిడను పిల్లలంతా బొద్దత్త అనేవారు. టీచర్లు ఎవరైనా మందలిస్తే ఆమే అడ్డుపడేది. "పోనీలెండి, ఉన్నమాటేగా! సన్నత్తా అంటే నేను పలకను కూడా." భర్త బస్సు డ్రైవరు. ఒక్కతే కూతురు.

చదువయ్యాక చాలాకాలం ఖాళీగా ఉన్న ఆ పిల్లకు, సన్నబడే ఇంజెక్షన్లు అమ్మే కొత్త కంపెనీలో ఉద్యోగం దొరికింది. పెప్టైడ్ అనే ఆ మందు గురించి వీడియోలు చేసి పెట్టడమే పని. అప్పట్లో ఏ ఫోన్ తెరిచినా అదే గోల. ఆకలి చచ్చిపోతుందట, ఒళ్లు దానంతటదే కరిగిపోతుందట.

"వాడి చూపించడానికి ఒక మామూలు మనిషి కావాలమ్మా. నీకు మోకాళ్ల నొప్పులూ తగ్గుతాయి" అంది కూతురు.

"డాక్టర్ని అడగక్కర్లేదూ?" అన్నాడు తండ్రి.

"మా కంపెనీలోనే ఉన్నారు నాన్నా."

ఆ డాక్టరు ఎవరో వాళ్లు ఏనాడూ చూడలేదు.

వారం వారం ఫోన్ ఎదురుగా పెట్టి, కూతురే తల్లి పొట్టకు సూది వేసేది. తల్లి నిజంగానే తగ్గింది. ఆయాసం లేకుండా మెట్లెక్కింది. "పెళ్లినాటి నడుము తిరిగొచ్చింది, చూడరేం?" అని భర్త దగ్గర మురిసిపోయింది. వీడియోలు లక్షలమంది చూశారు. పెట్టుబడి పెట్టేవాళ్లు కంపెనీ చుట్టూ ముసిరారు.

తర్వాత కడుపునొప్పి మొదలైంది. క్యాంటీన్‌లో కూర వాసనకే కడుపులో తిప్పేది. ఇంట్లో కుళాయి ధారగా వదిలి, ఆ చప్పుడులో వాంతి చేసుకునేది. ఒకరోజు భర్త కంటపడింది.

"దానికి చెప్పకండి. హోటల్లో ఆ డబ్బు పెట్టేవాళ్ల మీటింగుంది, నన్ను చూపించాలట. అదయ్యాక ఆస్పత్రికి వెళదాం" అని బతిమాలింది. ఆయన ఊరుకున్నాడు.

మీటింగులో తెరమీద పాత బొద్దత్త, పక్కన కొత్త మనిషి. హాలంతా చప్పట్లు. కూతురి ముఖం వెలిగిపోవడం చూసి, తల్లి నొప్పిని పంటిబిగువున దాచుకుని నవ్వింది. వేదిక దిగుతూనే కుప్పకూలింది.

క్లోమం బాగా దెబ్బతిందన్నారు ఆస్పత్రిలో. ఇంతదాకా ఏం చేస్తున్నారని కోప్పడ్డారు. ఆమె మాత్రం కూతుర్ని ఒకే మాట అడిగింది.

"వాళ్లు డబ్బు పెట్టడానికి ఒప్పుకున్నారా?"

"ఒప్పుకున్నారమ్మా."

"హమ్మయ్య" అంది. మళ్లీ మాట్లాడలేదు. మర్నాడు పోయింది.

అమ్మ వీడియోలు తీసేయమని కూతురు మేనేజరు కాళ్లావేళ్లా పడింది. "ఆమెకి ముందే ఏదో జబ్బు ఉండుంటుందమ్మా. డబ్బులొచ్చే టైములో ఇదేం గొడవ?" అన్నాడతను. ఆమె ఉద్యోగం మానేసింది.

"నేనే చంపుకున్నాను నాన్నా" అని ఏడిస్తే, తండ్రి పక్కన కూలబడ్డాడు. "నాకు తెలిసి కూడా నోరు మూసుకున్నాను కదే."

చివరికి వంటింట్లో కూర్చుని, జరిగిందంతా చెబుతూ తనే ఒక వీడియో పెట్టింది. చూసినవాళ్లు కొద్దిమందే. కింద ఎవరో అడిగారు. "ఇంతకీ మీ అమ్మగారు ఎన్ని కిలోలు తగ్గారు? ఆ మందు ఎక్కడ దొరుకుతుంది?"

ఆమె ఫోన్ తండ్రి చేతికిచ్చింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు.

"ఏం రాయను నాన్నా?"

"ఉన్నదే రాయి. అడిగిన ప్రతివాళ్లకీ రాయి."

వీడియోలో చెప్పిన మాటే ఆమె మళ్లీ టైపు చేసింది. మా అమ్మ చనిపోయిందండీ.